రెండో వైపు, నాలుగో పాట

జనవరి 9

బావమరిదికి,

ఆపరేషన్ కుట్లు మానాయని మీ ఆవిడ రాసిన ఉత్తరం చేరింది. సంతోషం. మార్చి ఆఖరు దాకా ప్రయాణాలు చేయకూడదని, మెట్లు ఎక్కకూడదని, మనసుకు కష్టం కలిగించే సంగతులేవీ చెవిన పడకూడదని డాక్టరు అన్నాడట. మొదటి రెండూ నీ చేతిలో ఉన్నవి. మూడోది మా చేతిలో ఉంటుంది కాబట్టి మేం చూసుకుంటాం.

ఇక్కడ అంతా మామూలే. మా ఫోను పాడైంది. నువ్వు చేస్తే మోగుతున్నట్టే ఉంటుంది కానీ ఇక్కడ మోగదు. బాగు చేయించే తీరిక లేక ఊరుకున్నాను. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే.

ఒక పని చేసిపెట్టాలి. మీ అక్కయ్య రికార్డులు నీ దగ్గరున్నాయి కదా, డెబ్భై రెండు, డెబ్భై మూడు నాటివి, జుట్టు పెంచుకున్నవాళ్ళు గిటార్లు పట్టుకుని అరిచేవి. వాటిని ఒక్కొక్కటిగా పంపు. విని తిరిగి పంపిస్తాను. ముందు రైలు బొమ్మ ఉన్న అట్ట, తర్వాత పొగగొట్టాల అట్ట, ఆ తర్వాత ఖాళీ కుర్చీ అట్ట. ఎందుకని అడక్కు.

మీ అక్కయ్య ఎప్పటిలా ఉత్తరం చివర రెండు లైన్లు రాయలేదేమని అనుకోకు. పనిలో ఉంది.

మీ బావ


జనవరి 17

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని మా ఆవిడ చదివి వినిపించింది. తర్వాత నేను చదివాను. ఆ తర్వాత షాపులో గడియారాలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని మళ్ళీ చదివాను. చేతిరాత మీదే. అదొక్కటే నమ్మశక్యంగా ఉంది.

పెళ్ళి మాటలనాడు మీరు మా నాన్నతో అన్నది మర్చిపోయారా? "అమ్మాయి ఏమైనా తెచ్చుకోనివ్వండి, ఆ గోల మాత్రం నా ఇంట్లోకి రాకూడదు" అన్నారు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. తలుపు చాటున ఉన్నాను. అక్కయ్య లోపలికి వచ్చి పదకొండు రికార్డులూ నా మంచం కిందకి తోసి, "ఒరేయ్, ఇవి నీకు ఇవ్వట్లేదు, దాచమంటున్నాను" అంది. ముప్ఫై ఏళ్ళుగా దాస్తున్నాను. ఇప్పుడు గోల వద్దన్న మనిషే వరస క్రమం చెప్పి మరీ అడిగితే ఏమనుకోవాలి? నా చెవిలో పూలు పెట్టకండి బావగారూ. అవి వినడానికి మీ ఇంట్లో రికార్డు ప్లేయరు ఎక్కడిది?

ఈమధ్య మంచి ధర పెట్టి పాత రికార్డులు కొనడానికి తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న ఒకాయన వాచీకి బెల్టు వేయించుకుంటానని వచ్చి, షాపులో మోగుతున్న పాట విని, "ఇది మొదటి ప్రింటేనా?" అని ఆరా తీశాడు. అలాంటివాళ్ళు మీ వైపూ తిరుగుతున్నారేమోనని నా అనుమానం. ఊరికే అంటున్నాను.

అయినా అక్కయ్య సొమ్ము కాబట్టి రైలు అట్ట పంపుతున్నాను. అంచులు మాత్రమే పట్టుకోవాలి. నల్లటి భాగం మీద వేలు పడకూడదు. మొదటి వైపు మొత్తం ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు. పాట మొదలైందని తెలియడానికే మూడు నిమిషాలు పడుతుంది, కంగారు పడకండి. పదో నిమిషంలో డ్రమ్ములవాడు ఒక్కడే మిగులుతాడు. మిగతావాళ్ళంతా బయటికెళ్ళి సిగరెట్లు కాల్చుకుని వస్తారని అక్కయ్య సిద్ధాంతం. వాళ్ళు తిరిగొచ్చి ఒక్కసారిగా అందుకున్నప్పుడు మేమిద్దరం మంచం మీంచి లేచి నిలబడేవాళ్ళం. ఎందుకు నిలబడేవాళ్ళమో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

అక్కయ్యను రెండు లైన్లు రాయమనండి. పని ఎంతున్నా రెండు లైన్లే కదా.

మీ బావమరిది


ఫిబ్రవరి 2

బావమరిదికి,

రైలు అట్ట తిరిగి పంపుతున్నాను. అంచులే పట్టుకున్నాను. ప్లేయరు మా ప్రెస్సులో బైండింగు చేసే ఆయనది, అటక మీద పడుంటే అడిగి తెచ్చుకున్నాను. నీ విచారణ అయిపోయిందనుకుంటాను.

విన్నాను. మొదటిసారి కిటికీలు మూసి విన్నాను, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని. నాలుగోసారికి కిటికీలు తెరిచే ఉన్నాయి. నేను ముప్ఫై అయిదేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి, అక్కర్లేని మాట కనిపిస్తే కొట్టేయడం నా అలవాటు. ఆ డ్రమ్ముల భాగంలో సగానికి సగం కొట్టేయవచ్చు. కానీ నువ్వన్న చోట, అందరూ తిరిగొచ్చే చోట, ఒక్క దెబ్బ కూడా తీసేయలేమని ఒప్పుకుంటున్నాను. ఆ వయసులో మిమ్మల్ని ఎవరైనా చూసి ఉంటే పిచ్చి పట్టిందనుకునేవారు. నేను అనుకున్నాను కూడా.

మీ అక్కయ్య విన్నది. బాగుందన్నట్టే ఉంది. చెయ్యి నొప్పి వల్ల రాయలేదు.

పొగగొట్టాలు పంపు. దాంతో పాటే కుర్చీ కూడా పంపగలిగితే మరీ మంచిది.

మీ బావ


ఫిబ్రవరి 10

బావగారికి నమస్కారాలు.

"బాగుందన్నట్టే ఉంది" అంటే ఏమిటండీ? అక్కయ్య ఏ విషయంలోనూ "అన్నట్టు" ఉండే మనిషి కాదు. బాగుంటే బాగుందంటుంది, లేకపోతే నాలుగు వీధులకు వినపడేలా చెబుతుంది.

నాకు తోచినవి దాచుకోకుండా రాస్తాను. రికార్డును భూతద్దం కింద పెట్టి చూశాను. రెండో వైపు రెండో పాట దగ్గర కొత్త అరుగుదల ఉంది. ఆ ఒక్క పాటనే పాతిక ముప్ఫైసార్లు తిప్పారు. ఇష్టంతో వినేవాళ్ళు ఒకే పాటను అన్నిసార్లు తిప్పరు. పోతే అట్టకు ఏదో మందు వాసన. ఇంకొకటి, మీ ఊళ్ళో టెలిఫోన్ ఆఫీసుకు మా ఆవిడ చేత ఫోన్ చేయించాను. ఆ నంబరు మీద ఫిర్యాదేమీ లేదు, లైను బాగానే ఉందన్నారు.

అక్కయ్యతో ఏమైనా గొడవ పడ్డారా? మీ ఇద్దరి మధ్యా నేను రాను. కానీ ఆవిడకు తెలియకుండా ఆవిడ రికార్డులు నా దగ్గర్నుంచి ఒక్కొక్కటే లాగుతున్నారంటే మాత్రం ఊరుకోను. కుట్లు వేసిన గుండె అయినా అక్కయ్య విషయంలో గట్టిగానే కొట్టుకుంటుంది.

పొగగొట్టాలు పంపుతున్నాను, ఆఖరి నమ్మకం కొద్దీ. అది పుస్తకంలా తెరుచుకునే అట్ట. లోపల పాటల మాటలన్నీ అచ్చువేసి ఉంటాయి. మీకు నచ్చుతుంది, దిద్దడానికి తప్పులు కూడా దొరుకుతాయి. మొదటి పాటలో గిటారు ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు నడిచి వెళ్తుంది. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే స్పీకరు, కాబట్టి గిటారు మాయమై మళ్ళీ వచ్చేది. ఆ మధ్యలో వాడు ఎక్కడికి వెళ్ళాడా అని అక్కయ్య బల్ల కింద వెతికేది.

కుర్చీ అట్ట ఇప్పుడే పంపలేను. దానికి కొంత టైం కావాలి. ఎందుకని అడక్కండి.

మీ బావమరిది


ఫిబ్రవరి 20

బావమరిదికి,

మందు వాసన నా మోకాళ్ళకు రాసుకునే నూనెది. రెండో పాట నాకు నచ్చింది, అందుకే అన్నిసార్లు పెట్టాను. నీకు భూతద్దం ఉంది కదా అని అన్నిటినీ దాని కింద పెట్టి చూడకు. భూతద్దంలోంచి చూస్తే పెన్సిలు గీత కూడా పెద్ద కాలవలా కనిపిస్తుంది.

మీ అక్కయ్యకూ నాకూ ఏ గొడవా లేదు. ఉంటే బాగుండునని ఈమధ్య చాలాసార్లు అనిపించింది.

నిన్ను నేను ఒకటి అడుగుతాను. కుర్చీ అట్టకు టైం ఎందుకు? రైలుకు అక్కర్లేదు, పొగగొట్టాలకు అక్కర్లేదు. వాచీకి బెల్టు వేయించుకునే ఆయన ఎవరో వచ్చి మొదటి ప్రింటేనా అన్నాడని నువ్వే రాశావు. ఆ మాట చదివినప్పుడు నామీద అనుమానంతో రాశావనుకున్నాను. ఇప్పుడు తిరగేసి చదివితే వేరుగా కనిపిస్తోంది. అమ్మితే అమ్మానని చెప్పు. అమ్మకపోతే వెంటనే పంపు. మిగతావి ఎలా పోయినా ఫర్వాలేదు, నాకు కావలసింది ఆ ఒక్కటే.

మీ బావ


మార్చి 8

బావగారికి,

కుర్చీ అట్ట పంపుతున్నాను. నన్ను దొంగను చేసినందుకు జవాబు తర్వాత రాస్తాను. అక్కయ్యను కూర్చోబెట్టి రెండో వైపు మొదటి నుంచి చివరి దాకా వినిపించండి. మధ్యలో ఏమీ చెప్పకండి. విన్నాక ఆవిడ ఏమందో అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఇంతకన్నా ఏమీ చెప్పను.

మీ బావమరిది


మార్చి 15

బావమరిదికి,

నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. అయినా నెమ్మదిగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నువ్వు పంపింది మీ అక్కయ్య రికార్డు కాదు.

ఎలా తెలుసంటావు. రెండో వైపు నాలుగో పాటను నేను ఈ వారం దాకా రికార్డు మీద విననే లేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా మీ అక్కయ్య నోట వింటున్నాను. ఇస్త్రీ చేస్తూ, కిటికీ తుడుస్తూ, బస్సు కోసం నిలబడి, అదే పాట కూనిరాగం తీస్తుంది. ఆ గోల ఇంట్లోకి రాకూడదన్నాను, అది ఆవిడ నోట్లో కూర్చుని వచ్చింది. పాట మధ్యలో గిటారు పైకి ఎక్కుతుంది, ఎక్కి ఎక్కి ఒకచోట టక్కున తెగుతుంది. అక్కడ మీ అక్కయ్య "దూకేశాం" అంటుంది. అని, తెగిన చోటికి అవతల నుంచి అందుకుంటుంది. ఒకసారి అడిగితే చెప్పింది. ఆ రికార్డు కొని తెచ్చి మొదటిసారి వింటుంటే మీ నాన్న వచ్చారని, గాభరాగా ప్లేయరు ముల్లు లాగేస్తే గీత పడిందని, అప్పట్నుంచి ముల్లు అక్కడ నాలుగు చుట్లు దూకేస్తుందని.

నువ్వు పంపినదాంట్లో ముల్లు దూకలేదు. పాట నున్నగా సాగిపోయింది. ఉన్న తప్పును ఎవరైనా పట్టుకుంటారు. ఉండాల్సిన తప్పు లేకపోతే పట్టుకునేది నాలాంటివాడే. మీ అక్కయ్య అసలు రికార్డు ఎవరికో ఇచ్చి, అలాంటిదే ఇంకోటి ఎక్కడో సంపాదించి అట్టలో పెట్టి పంపావు. అందుకే నెల పట్టింది.

నీ గుండె సంగతి నాకు గుర్తుంది. అయినా ఇక దాచలేను. కూర్చుని చదువు, మీ ఆవిడను పక్కన ఉండమను.

డిసెంబరు పద్దెనిమిదిన మీ అక్కయ్యకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదు. కుడి చెయ్యి లేవదు. మాట పూర్తిగా పోయింది. మనం మాట్లాడేది అర్థమవుతుంది, తను అనాలనుకున్నది నోటికి రాదు. ఫోనుకు ఏ రోగమూ లేదు. ఎత్తితే నువ్వు అక్కయ్యను పిలవమంటావు, అందుకని మోగనిచ్చి ఊరుకున్నాను.

మాట నేర్పే అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తుంది. "మాట పోయినా కొందరిలో పాట మిగులుతుందండీ. ఆవిడకి బాగా తెలిసిన పాటలుంటే పెట్టండి" అంది. రేడియో పెట్టాను, క్యాసెట్లు పెట్టాను, కన్నెత్తి చూడలేదు. రైలు అట్ట రెండో పాటకు ఎడమచేతి వేళ్ళు మంచం పట్టీ మీద ఆడాయి. అందుకే అన్నిసార్లు పెట్టాను. పొగగొట్టాలకు గొంతు కదిలింది, రాగం వచ్చింది. అందరం కుర్చీ కోసం కాచుకున్నాం. అందులో ఆవిడ సొంత మాట ఒకటుంది కదా, ముప్ఫై ఏళ్ళుగా ఒకే చోట అనే మాట. ముల్లు దూకితే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ఆ అమ్మాయీ అంది, నేనూ నమ్మాను.

గిటారు ఎక్కుతుంటే మీ అక్కయ్య రాగం తీస్తూ దాంతో పాటే ఎక్కింది. ఆ చోటు వచ్చింది. పెదవులు కలిపింది. ముల్లు దూకలేదు. ఆవిడ ఆగిపోయి, ప్లేయరు వంక చూసి, నా వంక చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులైంది, రాగం కూడా లేదు.

నేను అడిగింది పాట కాదు, ఆ గీత. దాన్ని ఎక్కడ అమ్ముకున్నావో చెప్పు, కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటాను.

బావ


మార్చి 19

బావగారికి,

గుండె బాగానే ఉంది. మీ ఉత్తరం చదవడం పూర్తయ్యాక షాపు తలుపు వేసుకుని ఏడ్చాను, అంతే. మూడు నెలలు. నా అక్కయ్య మూడు నెలలుగా మాట లేకుండా పడుంటే నేను డ్రమ్ముల గురించి కబుర్లు రాస్తూ కూర్చున్నాను. మీరు నా మంచికే దాచారని తెలుసు. క్షమించడానికి మాత్రం కొన్నాళ్ళు పడుతుంది.

ఇప్పుడు నా తప్పు వినండి. నేను అమ్మలేదు, మార్చలేదు. బాగు చేశాను.

ఆపరేషన్ ముందు రోజు ఆసుపత్రి మంచం మీద పడుకుని, చేయకుండా మిగిలిపోయినవి ఏమున్నాయా అని లెక్క వేసుకున్నాను. పెద్దవేమీ తట్టలేదు. అక్కయ్య ఆ పాటను ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదని తట్టింది. మొదటిసారి వింటున్నప్పుడే గీత పడింది కదా. ఆ నాలుగు చుట్లలో ఏముందో ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు. బతికి బయటపడితే అది వినిపించాలనుకున్నాను. మీరు అడగడానికి ముందే మొదలుపెట్టాను.

భూతద్దంలోంచి చూస్తే గీత అడ్డంగా పడిన చోట ప్రతి చుట్టులోనూ చిన్న గట్టు లేచి దారికి అడ్డంగా ఉంది. ముల్లు దానికి తట్టుకుని ఎగిరిపోతోంది. వాచీ స్ప్రింగులు సర్దే సూదితో ఆ గట్లను ఒక్కొక్కటే వెనక్కి ఒత్తాను. రోజుకు పావుగంటకు మించి చేయలేను, ఇంకా చెయ్యి వణుకుతోంది. రెండు నెలలు పట్టింది. ముల్లు మొదటిసారి దాటినప్పుడు మా ఆవిడను కేకేశాను, ఏం ముంచుకొచ్చిందోనని పరుగెత్తుకొచ్చింది.

ఆ చోట ఏముందో విన్నారా? గిటారు పై అంచు దాకా వెళ్ళి ఆగిపోతుంది. పాడేవాడు ఊపిరి తీసుకుంటాడు, అది వినిపిస్తుంది. మళ్ళీ అందుకుంటారు. అంతే. అంత చిన్నదాని కోసం పనిచేశానని నవ్వొచ్చింది. అయినా అక్కయ్య వింటే ఏమంటుందో అని చిన్నపిల్లాడిలా ఎదురుచూశాను. మీరు ఆ గీత కోసం ఎదురుచూస్తున్నారని నాకెలా తెలుస్తుంది?

నమ్మకపోతే రికార్డును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీత అలాగే ఉంటుంది. దాన్ని నేను చెరపలేను, దారి మాత్రమే తెరిచాను. చెవి పెట్టి వింటే ఆ చోట నాలుగు టిక్కులు వినిపిస్తాయి, చుట్టుకు ఒకటి చొప్పున. అవి ఎంత చేసినా పోలేదు.

ఏప్రిల్ రెండున డాక్టరు చివరిసారి చూస్తాడు. మర్నాడే రైలెక్కుతాను. సూది వెంట తెస్తాను. కావాలంటే ఆ గట్లు మళ్ళీ లేపుతాను. అక్కయ్య మాట కన్నా నా పనితనం ఎక్కువ కాదు.

మీ బావమరిది


మార్చి 25

బావమరిదికి,

కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గీత ఉంది. నేను సిగ్గుపడుతున్నాను. నిన్ను దొంగ అన్న మాటలన్నీ నా ఉత్తరాల్లోంచి ఎర్ర సిరాతో కొట్టేసుకో. నేను కొట్టేసినవాటిని ఎవరూ మళ్ళీ అచ్చువేయలేదు.

సూది తేవద్దు. ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరం నిన్న ఉదయం వచ్చింది, మాట నేర్పే అమ్మాయి ఉండగానే. రికార్డు మళ్ళీ పెట్టాను. మీ అక్కయ్య గోడవైపే తిరిగి ఉంది. గిటారు ఎక్కింది. ఆ చోటు వచ్చింది. నాలుగు టిక్కులు నాకు ఇప్పుడు వినిపించాయి, మొన్న దుమ్మనుకున్నాను. పాడేవాడు ఊపిరి తీసుకున్నాడు. మీ అక్కయ్య ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి ఎత్తి ప్లేయరును చూపించింది. నోరు రెండుసార్లు తెరిచి మూసింది. మూడోసారి మాట వచ్చింది.

"దూకలేదు."

ఆ అమ్మాయి చేతిలో కాగితాలు కింద పడ్డాయి. నేను రికార్డు ఆపడం మర్చిపోయాను. మీ అక్కయ్య మళ్ళీ అంది, ఈసారి నామీద కోపంగా. "దూకలేదు!" మూడు నెలల తర్వాత మొదటి మాట, అది కూడా నిలదీస్తూ. నేను మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియలేదు, రెండూ అయ్యుంటాయి.

తర్వాత నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆపరేషను, సూది, రెండు నెలలు, అన్నీ. శ్రద్ధగా విన్నది. విని తల అడ్డంగా ఊపింది. రికార్డు కిటికీ దగ్గర పట్టుకుని గీత చూపించాను. అటు చూడనైనా లేదు. నా దగ్గర పెన్ను లాక్కుంది. నేను చెప్పి చూశాను బావమరిదీ, నువ్వు వచ్చి స్వయంగా చెప్పుకోవలసిందే. ఫోను ఇకనుంచి ఎత్తుతాను.

కింద రెండు లైన్లు మీ అక్కయ్యవి. ఎడమచేత్తో రాసింది, గంట పట్టింది. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

మీ బావ

ఒరేయ్ తమ్ముడూ, నాది దాచుకుని వేరేది పంపావు.
వచ్చేటప్పుడు నా రికార్డు తీసుకురా.